పాపం అన్న ఒక్క మాట

విమర్శకుడి సినిమాలో, విమర్శకుడికి తెలియకుండా, ఆమె ఒక పరాయి షాట్ అతికించిన చోట కిందటి వారం మనం ఆగాం. కొత్తగా కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఆమె ఎడిటర్. సినిమావాళ్ళంతా కత్తెరమ్మ అంటారు. ఆమె అన్న ఒకప్పుడు ఒకే ఒక్క చిన్న సినిమా తీశాడు, స్టార్లు లేకుండా, పాటలు లేకుండా, సొంత ఇంట్లో సొంత మనుషుల్ని పెట్టి. పెద్దాయన అని అందరూ పిలిచే విమర్శకుడికి అప్పట్లో 'ఒక్క మాటలో' అనే శీర్షిక ఉండేది. ఇప్పటికీ ఉంది. పైన ఒక మాట పెట్టి, అది ఎందుకు పెట్టాడో కింద రెండు పేరాల్లో రాస్తాడు. అన్న సినిమా వచ్చిన వారం పైన 'పాపం' అని ఉంది. కింద ఏమీ లేదు. తెల్ల కాగితం.

ఆ మాట ముందు సినిమాని తిన్నది, తర్వాత మనిషిని. థియేటర్‌వాళ్ళు పోస్టర్ పీకేశారు. అన్న ఎక్కడ కనిపించినా వెనకనించి ఎవరో ఒకరు "పాపం డైరెక్టర్ గారు" అనేవాళ్ళు, ముసిముసిగా. ఇప్పుడాయన ఒక కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తున్నాడు. ఇంట్లో టీవీలో సినిమా మొదలైతే లేచి వరండాలోకి వెళ్ళిపోతాడు.

ఇన్నేళ్ళకి పెద్దాయనకి తనే ఒక చిన్న సినిమా తియ్యాలన్న బుద్ధి పుట్టింది. తీశాడు. ఎడిటింగ్‌కి కత్తెరమ్మని పెట్టుకున్నాడు, ఆమె ఎవరి చెల్లెలో తెలియక. ఆమె ఒప్పుకుంది, ఆయనెవరో బాగా తెలిసే.

*

ఎడిటింగ్ గదికి కిటికీ లేదు. బయట ఎండ మండిపోతున్నా లోపల ఎప్పుడూ ఒకటే చీకటి. గోడలకి నల్ల స్పాంజి, బల్ల మీద రెండు తెరలు, పైన గురక పెట్టే ఏసీ. ఆమె కుర్చీ వెనక ఒక సోఫా ఉంది, ఒక పక్క కుంగిపోయి. పెద్దాయన వచ్చినప్పుడల్లా ఆ కుంగిన పక్కనే కూర్చుంటాడు.

వెనక్కి తిరగకుండానే ఆమెకి ఆయన ముఖం కనిపిస్తుంది. తెర మీద చీకటి షాట్ వచ్చినప్పుడల్లా ఆ అద్దంలో ఒక బట్టతల, ఒక కళ్ళజోడు తేలతాయి. ఆమె ద్వేషం పెంచుకున్నది ఆ నీడ మీదే. తిరిగి చూస్తే అక్కడుండేది దగ్గు బిళ్ళ చప్పరించే ఒక ముసలాయన, సాక్సుకి చిల్లు. సాక్సుకి చిల్లున్న మనిషిని తిన్నగా చూస్తూ ద్వేషించడం ఎంత కష్టమో ఈ నెలరోజుల్లో ఆమెకి తెలిసొచ్చింది. అందుకే తిరిగేది కాదు.

ఆవేళ వచ్చీ రాగానే, ఆ వారం తను చూసిన కొత్త చిన్న సినిమాల మీద పడ్డాడు. ఒకటి లిఫ్టు సినిమా. నలుగురు మనుషులు లిఫ్టులో ఇరుక్కుంటారు. "లిఫ్టు ఇరుక్కుంది, కథా ఇరుక్కుంది. చివరికి లిఫ్టన్నా తెరుచుకుంది," అన్నాడు. దానికి ఆయన పెట్టిన మాట 'ఇరుకు'. రెండోది ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు మీద. దర్శకుడు నిశ్శబ్దాన్ని నమ్ముకున్నాడట. నిశ్శబ్దం వేరు, రాసుకోడానికి మాటలు దొరక్కపోవడం వేరు అన్నాడు. దానికి మాట 'కునుకు'. నర్సుకి పట్టలేదట, తనకి పట్టిందట.

ఆమె నవ్వింది. నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. ఆయన మాటకి నవ్వు ముందు పరిగెత్తుకొస్తుంది, ద్వేషం ఆయాసపడుతూ వెనకనించి వస్తుంది. ఈ కాస్త ఎడం ఆమెని లోలోపల సిగ్గుపడేలా చేసేది. అన్న అన్నం తినకుండా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్ని అప్పుడు కావాలని గుర్తు తెచ్చుకునేది, ఆరిపోతున్న పొయ్యిలో పుల్ల ఎగదోసినట్టు. పగ కూడా వంటలాంటిదే. కనిపెట్టుకుని ఉండకపోతే చల్లారిపోతుంది.

మూడోది ఒక అమ్మాయి తీసిన సినిమా. మతిమరుపు వచ్చిన సొంత అమ్మమ్మని ఫోన్‌తో తీసింది. ముసలావిడ పోయిన మొగుడి కోసం ఇల్లంతా వెతుక్కుంటుంటే మనవరాలు వెనకే తిరుగుతూ తీసిందట. దీని దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన హాస్యం మానేశాడు.

"ఇంటివాళ్ళ ఏడుపు ఊరికే దొరుకుతుందని కెమెరాలు పట్టుకుని ఇళ్ళ మీద పడుతున్నారమ్మాయ్. ఇంటిదొంగలు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు. దీనికింకా మాట దొరకలేదు."

బల్ల మీద ఒక చిన్న మైకు ఉంటుంది, తాత్కాలికంగా గొంతులు రికార్డు చేసుకోడానికి. దాన్ని ఆన్ చేసి, ఇస్త్రీ సీను వేస్తున్నానని చెప్పింది.

పెద్దాయన సినిమాలో ఒక తల్లి కొడుకు వస్తాడని చొక్కా ఇస్త్రీ చేస్తుంటుంది, రావడం లేదని ఫోన్ వస్తుంది. ఆయన తీయించిన షాట్ నటి ముఖం మీద ఉంది, కళ్ళ నిండా గ్లిజరిన్ కన్నీళ్ళు. దాన్ని ఆమె కోసి పక్కన పెట్టి ఆ జాగాలో అన్న సినిమాలోని షాట్ పెట్టింది. రంగు కలిపింది, వెలుతురు కలిపింది. అన్న షాట్‌లో ముఖం లేదు. బల్ల, తెల్ల చొక్కా, రెండు చేతులు. ఎక్కడో ఫోన్ మోగినట్టుంది, చేతులు ఆగుతాయి. పక్కకి వెళ్ళిపోతాయి. కాసేపు బల్ల, సగం ఇస్త్రీ అయిన చొక్కా, అంతే. తర్వాత చేతులు తిరిగొస్తాయి. చొక్కాకి మిగిలిన చెయ్యిని ఇస్త్రీ చేస్తాయి, కాలర్ మడుస్తాయి, బొత్తాలు పెడతాయి. చొక్కాని కొక్కేనికి తగిలిస్తాయి. చేతులు వెళ్ళిపోయాక కూడా కెమెరా ఉంటుంది, ఊగుతున్న చొక్కా ఊగి ఊగి ఆగేదాకా.

షాట్ అయిపోయింది. వెనకనించి దగ్గు బిళ్ళ చప్పుడు కూడా లేదు.

"మళ్ళీ వెయ్యి."

వేసింది. ఆయన సోఫాలోంచి లేచి ఆమె కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ అలా రాలేదు. మూడోసారి తనే మీట నొక్కి చూసుకున్నాడు.

ఈ షాట్ మీకు గుర్తుందా సార్ అని అడిగింది ఆమె, గొంతులో ఏ మార్పూ రాకుండా. నా షాట్ నాకు గుర్తుండదా అన్నాడాయన. ముఖం వద్దు, చేతులు చాలు అని తనే అన్నాడట. కెమెరామన్ ససేమిరా అన్నాడట, తనే పట్టుబట్టాడట. ఆ రోజు వాన పడేలా ఉందని తొందరపెడుతుంటే, చొక్కా ఆగేదాకా కట్ చెప్పనని భీష్మించాడట.

అబద్ధమాడుతున్న మనిషి కళ్ళు ఆమెకి తెలుసు. రోజంతా మనుషుల కళ్ళని ముక్కలు కోసి అతికించే పని ఆమెది. ఈ కళ్ళు అబద్ధమాడటం లేదు. ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడు. లేని రోజు, లేని మబ్బు, లేని గొడవ అన్నీ ఆయన బుర్రలో అప్పటికప్పుడు మొలిచి ఎప్పటినించో ఉన్నవాటిలా నిలబడుతున్నాయి. బాగున్నది తనదే అయి ఉండాలని మనసుకి ఎంత ఆత్రమో. ఆమెకి ఒక్క క్షణం భయమేసింది, ఆయన్ని చూసి కాదు. తన గుర్తులు మాత్రం ఏ పాటివి అని.

అయినా వల పడింది. మైకు వింటోంది. సాయంత్రం ఈ సినిమా ఆమె చేతిమీదుగా ప్రదర్శనకి పోతుంది, వారం తిరక్కుండా పత్రికలవాళ్ళంతా చూస్తారు. అందరూ ఆ షాట్‌నే మెచ్చుకుంటారు. అప్పుడు అదే హాల్లో అదే తెర మీద అన్న సినిమాలోని షాట్, దాని మీద పెద్దాయన సొంత గొంతు. జీవితమంతా ఒక్కొక్క మాటతో మనుషుల్ని తూచినవాడికి ఆ రోజు ఒకే మాట మిగులుతుంది. దొంగ. అంతవరకు ఆమె నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

"అమ్మాయ్," అన్నాడు పెద్దాయన మెల్లగా, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఈ చేతులు చూడు, నటన లేదు. ఈ ఒక్క షాట్ తీసినవాడు ఇంక జన్మలో ఏం తియ్యకపోయినా ఫరవాలేదు."

కూర్చున్న కుర్చీ తేలినట్టయింది ఆమెకి. ఛాతీలో ఏదో వెచ్చగా విచ్చుకుంది. అది సంతోషమని గుర్తుపట్టేసరికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ తను కోరుకున్నది ఈయన పతనాన్నే అనుకుంది. ఈయన నోట ఈ మాట కోసమేనా కాచుకుని కూర్చుంది? శత్రువు ఇచ్చే మార్కుల కోసమా? మరి ఈ మాట అప్పుడెందుకు రాలేదు, అన్నకి గడ్డం నెరవకముందు, వరండాలో అన్నకంటూ ఒక కుర్చీ పడకముందు. నోరు మూసుకుని కూర్చోవడం ఇక ఆమె వల్ల కాలేదు. ఎవరు కొట్టారో తెలియకుండా తగిలే దెబ్బ దెబ్బే కాదనిపించింది.

తిరిగింది. ఆయన్ని తిన్నగా చూసింది.

"ఇది మీ షాట్ కాదు సార్. మా అన్నది."

ఆయన అర్థం కానట్టు నవ్వాడు. మీ అన్న ఎవరమ్మా అన్నాడు.

"పాపం," అందామె.

ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దీపం తీసేశాక కాసేపు కంట్లో వెలుగు ఉన్నట్టు. సోఫా దాకా వెళ్ళి కూర్చున్నాడు, ఈసారి కుంగని పక్కన. ఆమె తీరిగ్గా చెప్పింది. షాట్ ఎక్కడిదో, ఎలా కలిపిందో, మైకు ఏం వింటోందో, వారంలో ఏం జరగబోతోందో. ఇన్నేళ్ళుగా మనసులో వల్లె వేసుకున్న మాటలే. బయటికి వస్తుంటే అనుకున్నంత రుచిగా లేవు, అయినా ఆపలేదు. పాపం డైరెక్టర్ చెల్లెలి చేతికే మెడ ఇచ్చారు సార్ అని ముగించింది.

"ఆ సినిమా నేను చూడలేదు," అన్నాడు పెద్దాయన.

ఆమె పగలబడి నవ్వింది. ఇది ఆమె కలలో కూడా అడగని వరం. చూడకుండా రాశారా, అది కూడా మైకులో చెప్పండి అంది. పరీక్ష పేపరు తెరవకుండా సున్నా వేసిన మేష్టారి కథ అందరికీ భలే నచ్చుతుంది అంది.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కళ్ళజోడు లేని ఆ ముఖంలో ఆమెకి కొత్తదేదో కనబడింది. ఆయనా కొట్టగలడు. కొట్టేముందు గురి చూసుకుంటున్నాడు.

"ఎందుకు చూడలేదో అడగవేం?"

అడగను అందామె. అడగకపోయినా చెబుతానన్నాడు. చెప్పాడు, ఆ మైకు వైపే చూస్తూ.

సినిమా విడుదలకి ముందు ఒక మధ్యాహ్నం పత్రిక ఆఫీసుకి ఒకావిడ వచ్చింది. ఆ సినిమా దర్శకుడి భార్యనని చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. మెచ్చుకోమని అడగడానికి వచ్చిన బాపతు అనుకుని ఆయన చిరాకుపడ్డాడు. ఆవిడ అడిగింది వేరు. ఈ సినిమా జనం చూడకుండా ఏదైనా రాయండి అంది. మళ్ళీ మా ఆయన కెమెరా ముట్టుకోకుండా రాయండి అంది. ఎందుకని అడిగితే చెప్పింది. అందులో ఇస్త్రీ చేసే చేతులు ఆవిడవి. షూటింగ్‌లో ఫోన్ మోగాలి, ఎవరో దొంగ ఫోన్ చెయ్యాలి. దానికన్నా ముందే అసలు ఫోన్ మోగింది. ఆవిడ వాళ్ళ నాన్న పోయాడని. ఆవిడ వచ్చి మొగుడితో చెప్పింది. మొగుడు కెమెరా ఆపలేదు. కళ్ళతోనే సైగ చేశాడు, చొక్కా పూర్తి చెయ్యమని. ఆవిడ పూర్తి చేసింది.

"'నాకు ఏడవడానికి కూడా తీరిక ఇవ్వలేదండీ, చొక్కా అయ్యేదాకా.' ఇలా అంది మీ వదిన. మాట మార్చకుండా చెబుతున్నాను, ఎందుకంటే ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు." పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఆ తర్వాత ఆ సినిమా చూడబుద్ధి కాలేదు. చూడకుండా రాసేందుకు నా దగ్గర ఒక్క మాటే ఉంది. కింద రాయడానికి ఏమీ లేదు. మీరంతా దాన్ని అయ్యో పాపం అని చదువుకున్నారు. నేను జాలి పడి రాయలేదమ్మాయ్. పాపం అంటే పాపమనే రాశాను."

ఏసీ ఆగి మళ్ళీ గురక మొదలెట్టింది.

ఆమె అనుకోకుండానే తెర వైపు తిరిగింది. చొక్కా ఆగిపోయి ఉంది. ఆ షాట్‌కి సౌండ్ లేదు. అన్న సినిమా ఎడిటింగ్‌లో అప్పుడు ఆమెదే చెయ్యి, నేర్చుకునే రోజులు. ఈ ఒక్క ముక్కకే సౌండ్ పాడైపోయిందని, మూగగానే వాడుకోమని అన్న చెప్పాడు. మూగగానే బాగుందని ఆమె మెచ్చుకుంది కూడా. వదిన వాళ్ళ నాన్న పోయింది ఆ షూటింగ్ రోజుల్లోనే. రెండూ ఆమెకి తెలుసు. రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టి అతికించడమే ఆమె వృత్తి. ఈ రెంటినీ మాత్రం ఎప్పుడూ పక్కపక్కన పెట్టలేదు. పెట్టలేకపోయిందా, పెట్టనివ్వలేదా, తనలోనే ఉన్న మరో కత్తెర?

ఆ ఆలోచన వచ్చినంత వేగంగా దాన్ని తోసేసింది. మునిగేవాడు చేతికందిన గడ్డిపోచల్లా కథలు పట్టుకుంటాడు. ఇప్పుడే ఈ కళ్ళ ముందే ఒక మబ్బునీ, ఒక వాననీ, ఒక కెమెరామన్‌తో గొడవనీ పుట్టించిన మనిషి ఒక వదినని పుట్టించలేడా?

"నా షాట్ నాకు గుర్తుండదా అని ఇందాకే అన్నారు మీరు," అంది. "ఇదీ ఆ గుర్తే అయుంటుంది."

ఆ దెబ్బ తగిలింది. పెద్దాయన ముఖం పాలిపోయింది. కాసేపు తెర కేసి చూశాడు, ఇందాక మూడుసార్లు చూసిన ఆ చేతుల కేసి. అంటే నేను మెచ్చుకున్నది దాన్నేనా అని గొణిగాడు, ఆమెతో కాదు. తర్వాత తల ఎత్తాడు.

"అయితే ఆవిణ్ణే అడుగు. నేనబద్ధమైతే సాయంత్రం నీ ఇష్టమొచ్చినట్టు నన్ను కొయ్యి. నోరెత్తను."

ఆమెకి కావలసింది అదే. ఈయన అబద్ధాన్ని ఈయన ఎదురుగానే, ఈయన పుట్టించిన సాక్షి నోటితోనే చంపాలి. ఆ ముఖం అప్పుడెలా ఉంటుందో దగ్గరనించి చూడాలి. ఫోన్ తీసి వదిన నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, బల్ల మీద మైకు పక్కనే ఉంచింది.

ఫోన్ కలవగానే వదిన ఏమ్మా, అన్నం తిన్నావా అంది. ఎప్పుడూ ముందు అదే అడుగుతుంది. వెనక గిన్నెల చప్పుడు.

"వదినా, ఒక్కటే అడుగుతాను, లేదని చెప్పు చాలు. అన్న సినిమా గురించి పాపం అని రాసిన పెద్దాయన దగ్గరికి నువ్వు వెళ్ళావా? అలా రాయమని నువ్వు అడిగావా?"

గిన్నెల చప్పుడు ఆగింది.

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఆయన ముఖాన్నే చూస్తోంది, లేదన్న మాట పడే క్షణం కోసం. ఆ మాట రావడం లేదు. నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు, తర్వాత ఎవరో కుళాయి కట్టేసిన చప్పుడు.

"ఇది నువ్వు ఇంటికొచ్చాక అడగాల్సిందమ్మా," అంది వదిన. ఆ గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "నా చేతులు తడిగా ఉన్నాయని మీ అన్నే ఫోనెత్తి స్పీకర్ పెట్టాడు. ఇక్కడే ఉన్నాడు."

ఆమె ఫోన్ ఆపేద్దామని చెయ్యి చాచింది. వేలు దాని మీద పడలేదు. అవతల ఒక కుర్చీ నేల మీద ఈడ్చుకుంటూ జరిగింది. ఎవరో ఫోన్‌కి దగ్గరగా వచ్చి ఊపిరి పీల్చారు. సినిమా అన్న మాట ఇన్నేళ్ళుగా పలకని గొంతు, ఆమెకి చిన్నప్పటినించీ తెలిసిన గొంతు, మెల్లగా అంది:

"చెల్లీ, ఆయన అక్కడే ఉన్నాడా? ఫోన్ ఆయనకియ్యి."